అమ్మ మీద పుస్తకం వేస్తున్నారా? ఎనుముల్ని మర్చిపోకండి

ఈ నెల ఉత్తరాల్లో అమ్మలు, అవ్వలే ఎక్కువున్నారు. మూడింటికి జవాబు రాస్తున్నా. మొదటిదానికే సగం పైన జాగా అయిపోయింది, మిగతా ఇద్దరూ ఏమనుకోకండి.

ప్రశ్న: అక్కా నమస్తే, మాది తిరుపతి. మా అమ్మ పోయి వచ్చే నెలకి ఏడాది. సంవత్సరీకానికి వచ్చేవాళ్ళకి పంచడానికి అమ్మ గురించి ముప్పై పేజీల చిన్న పుస్తకం వేద్దామని అన్న, తమ్ముడు, నేను అనుకున్నాం. అమ్మ పుట్టింది చంద్రగిరి దగ్గర పల్లె. మా నాయన ఆర్టీసీలో కండక్టరు, ఆ జీతం చాలక అమ్మ రెండు ఎనుముల్ని పెట్టుకుని పాలు పోసి మమ్మల్ని ముగ్గుర్నీ చదివించింది, తర్వాత నాకు బ్యాంకులో ఉద్యోగమొస్తే ఊరొదిలేసి వచ్చి నా పిల్లలిద్దర్నీ ఆమే సాకింది. ఇప్పుడు సమస్య ఏందంటే మా అన్న నాలుగు పేజీలు రాసినాడు, త్యాగమూర్తి, అనురాగ దేవత, సహనానికి మారుపేరు అని. బానే ఉండాది గానీ చదివితే ఎవురమ్మైనా కావచ్చు అనిపిస్తాది. తమ్ముడేమో వాడి ఇంజనీరింగు సీటుకి అమ్మ గాజులు పోయిన సంగతి రాయాల్సిందే అంటాడు, అన్న పరువు తక్కువ, వద్దంటాడు. పైగా అమ్మకీ మా వదినకీ పడేది కాదు, అది అందరికీ తెల్సిందే. ఏం రాయాలి, ఏం వదిలెయ్యాలి? అమ్మ పుట్టిన తేదీ కూడా సరిగ్గా తెలీదు, ఆధార్‌లో జనవరి 1 అని ఉండాది.
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: చూడమ్మా, నువ్వు రాసిన ఈ నాలుగు మాటల్లో రెండు ఎనుములున్నాయి, మీ అన్న రాసిన నాలుగు పేజీల్లో ఒక్కటీ ఉన్నట్టు లేదు. నా జవాబు దాదాపు ఇంతే, మిగతాదంతా వివరం.

మీ అన్నని తప్పు పట్టట్లేదు. పెండ్లి పత్రికైనా శ్రద్ధాంజలి కార్డైనా మాటలు ప్రెస్సు వాళ్ళ దగ్గర రెడీగా ఉంటాయి, పేరు మార్చుకుంటే సరిపోతుంది, దుఃఖంలో ఉన్న మనిషి చేతికందిన మాట రాసేస్తాడు. కానీ ఆ త్యాగమూర్తి అనే బిరుదు మీద మాత్రం నాకు ఎప్పట్నించో కోపం. ఆ బిరుదు ఒకటి ఇచ్చేస్తే ఆమె ఎవరి కోసం ఏమేం పోగొట్టుకుందో లెక్క తీసే పని మనకి తప్పిపోతుంది. లెక్క తీస్తే మన పేర్లు కూడా బయటికొస్తాయి కదా మరి.

కాబట్టి ఎనుముల దగ్గర్నించే మొదలుపెట్టండి. వాటికి పేర్లుండేవా? పొద్దున ఎన్నింటికి లేచేది, పాలు పితికేది ఆమేనా ఇంకెవరన్నా వచ్చేవాళ్ళా, పాలు ఇండ్లకి పోసేదా సొసైటీకా? సొసైటీకి అయితే అక్కడ ఫ్యాట్ చూసి రేటు కడతారు, ఫ్యాట్ తగ్గిందంటే ఆ పూట డబ్బులు తగ్గినట్టే, ఆ పాలబుక్కు ఒక్కటి ఎక్కడైనా దొరికితే మీ పుస్తకంలో మూడు పేజీలు వాటంతటవే నిండుతాయి, బీరువా అడుగున, ట్రంకుపెట్టెలో పేపర్ పరిచిన కింద, పాత క్యాలెండర్ల వెనకాల వెతకండి. ఇండ్లకి పోసి ఉంటే క్యాలెండర్ మీద గీతలు పెట్టుకునే ఉంటుంది. ఎనుము వట్టిపోయిన నెలల్లో ఇల్లెట్లా గడిచింది, తవుడు, చెనక్కాయ పిండి ఎవరి కొట్లో అప్పు పెట్టేది, ఎండాకాలం గడ్డి ఎక్కణ్ణించి తెచ్చేది, ఈనినప్పుడు జున్నుపాలు మొదట ఏ ఇంటికి పంపేది, ఇవన్నీ అడగండి. పాలల్లో నీళ్ళు కలిపేదా అని కూడా అడుగుతున్నా, కోప్పడకు. కలపలేదంటే ఆ మాట ఆమె దగ్గర పాలు పోయించుకున్న ఇండ్లవాళ్ళ నోట చెప్పించండి, కలిపేదంటే ఏ ఇంటికి ఎక్కువ కలిపేదో, ఆ ఇంటి మీద ఆమెకి ఏం కోపమో, అది ఇంకా మంచి కథ. ఆ వాడకం ఇండ్లవాళ్ళల్లో ముసలోళ్ళు ఇంకా ఉంటారు, ఈ నెలలోనే వెళ్ళి కలవండి. మీకు తెలీని అమ్మ వాళ్ళ దగ్గరుంది.

గాజుల సంగతి రాయండి. ఎన్ని సవర్లు, ఏ సంవత్సరం, అమ్మేసిందా లేకపోతే బ్యాంకులో కుదవ పెట్టి విడిపించుకోలేకపోయిందా, వివరంగా రాయండి, ఎందుకంటే ఆ రెంటికీ చాలా తేడా ఉంది. అమ్మేస్తే ఒక్కరోజు ఏడుపు. కుదవ పెడితే మాత్రం ఏడాదికోసారి వడ్డీ కట్టి తిరగరాయించుకోవాలి, ఈసారి విడిపిస్తా ఈసారి విడిపిస్తా అని ఆశ పెట్టుకోవాలి, ఆ రసీదు ఎవరికంటా పడకుండా బియ్యం డబ్బాలో దాచుకోవాలి. నువ్వు బ్యాంకులోనే పని చేస్తున్నావు, ఈ సంగతి నాకంటే నీకే బాగా తెల్సు. పరువు తక్కువ అంటున్నాడు మీ అన్న, ఎవరి పరువు? ఆమె ఉత్త మట్టి గాజుల్తో తిరిగింది ఊరంతా చూసిందే. నాకేమనిపిస్తుందంటే, తమ్ముడి సీటుకి గాజులు పోయాయని రాస్తున్నారు గానీ పెద్దోడి చదువుకి ఏం పోయిందో ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదేమో. లేదంటే ఆ సీటు కోసం అతను ఏదో మానుకున్నాడేమో. ఒకసారి పక్కన కూర్చుని అడిగి చూడు, అది కూడా పుస్తకంలోకి రావాల్సిందే. ఒక్క పద్ధతి మాత్రం పాటించండి, బతికున్నవాళ్ళ గురించి రాసిన ప్రతి ముక్కా అచ్చుకి ఇచ్చే ముందు వాళ్ళకి చదివి వినిపించండి. వద్దంటే తీసెయ్యండి, అమ్మ పుస్తకం అన్నదమ్ముల మధ్య గొడవకి కారణం కాకూడదు.

వదిన సంగతికి నా దగ్గర చాలా తేలిక ఉపాయం ఉంది. ఆమెకి ఒక పేజీ ఇవ్వండి. మీరెవరూ కత్తెర వెయ్యకూడదు. కోడలిగా అన్నేళ్ళు ఒకే వంటింట్లో నిలబడిన మనిషి ఆమె, పప్పులోకి చింతపండు ఎంత, కొళాయి నీళ్ళు ముందెవరు పట్టాలి అని పోట్లాడుకున్నవాళ్ళకి ఒకరి గురించి ఒకరికి తెల్సినంత కన్నపిల్లలకి కూడా తెలీదు. వచ్చినవాళ్ళు ఆ పేజీనే ముందు తీసి చదువుతారు, చూస్కో.

ఇంక నువ్వు. నా పిల్లలిద్దర్నీ ఆమే సాకింది అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అది తక్కువలో తక్కువ ఎనిమిది పేజీల పని. ఎనుముల్ని అమ్మేసి, వాకిలొదిలేసి, సాయంత్రం పూట అరుగు మీద కూర్చునే నలుగురు ఆడోళ్ళని వదిలేసి ఆమె మీ ఇంటికొచ్చింది, ఆ వయసులో ఆమెకి అది రెండో కాపురం లాంటిది. వస్తావా అమ్మా అని అడిగారా, వచ్చెయ్యమ్మా అని చెప్పారా? ఎనుముల్ని ఎవరికి అమ్మింది, తోలుకుపోయిన రోజు ఏం చేసింది? మీ వీధిలో ఆమెకి మొదట పరిచయమైంది ఎవరు, పూలమ్మా, ఆకుకూరలమ్మా? పసిబిడ్డకి నీళ్ళు పోసేటప్పుడు చిన్న పీట మీద కూర్చుని చీర మోకాళ్ళ దాకా ఎగ్గట్టి, రెండు కాళ్ళూ బారజాపి, వాటి మీద బిడ్డని బోర్లా వేసుకుని, వేణ్ణీళ్ళు ముందు తన మోచేతి మీద పోసి చూసుకుని, అప్పుడు వీపు మీద పోస్తారే, ఆ పని ఆమె నీ బిడ్డలిద్దరికీ ఎన్ని నెలలు చేసిందో గుర్తు తెచ్చుకో. సాంబ్రాణి పొగ, ఉగ్గు, వస, కాటుక, అన్నీ రాయి. (పసిపిల్లల చెవుల్లో ముక్కుల్లో నూనె పొయ్యొద్దంటారు డాక్టర్లు, పొగ కూడా మంచిది కాదంటారు, ఇప్పుడు పురుడు పోసుకునేవాళ్ళు డాక్టర్ మాటే వినండి. కానీ ఆమె చేసింది చేసినట్టు రాయడానికి ఏం అడ్డం?)

గంగజాతరకి పిల్లల్ని తీసుకెళ్ళేదా? మన ఊళ్ళో పెరిగిన పిల్లలకి అవ్వ అంటే సగం జ్ఞాపకాలు మే నెల జాతరవే ఉంటాయి. జాతరలో రోజుకో వేషం కదా, బైరాగి వేషానికి ఒళ్ళంతా నాముకొమ్ము (తెల్ల సుద్ద) పూసి, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు, దొర వేషానికి చందనం పూసి, వేపాకు కట్టి, బండ వేషం రోజు పిల్లోడు నోటికొచ్చిన బూతులు తిడుతుంటే ఏమీ అనకుండా నవ్వుకుంటూ తాతయ్యగుంట గంగమ్మ గుడి దాకా చెయ్యి పట్టుకుని నడిపించే మనిషి చాలా ఇండ్లల్లో అవ్వే. మీ పిల్లల్ని అడుగు. కానీ రాయమనొద్దు, రాయమంటే స్కూలు వ్యాసం రాసేస్తారు, మా అమ్మమ్మ చాలా మంచిది అని మొదలెడతారు. వాళ్ళు మాట్లాడుతుంటే నువ్వు రాసుకో.

పుట్టిన తేదీకి గాబరా పడొద్దు, ఆ తరంలో చాలామందికి ఆధార్‌లో జనవరి ఒకటే ఉంటుంది. తేదీ తెలీకపోతే సంవత్సరాన్ని దగ్గరగా పట్టుకోవచ్చు. తిరుమల రెండో ఘాట్ రోడ్డు పడింది 1974లో, అప్పటికి ఆమెకి పెండ్లయిందా లేదా? ఎన్టీఆర్ తిరుపతి నుంచి పోటీ చేసి గెల్చింది 1983లో, అప్పుడు ఆమె చంకలో ఎవరున్నారు, నువ్వా మీ తమ్ముడా? కిలో రెండు రూపాయల బియ్యం మొదలైన రోజుల్లో ఇంట్లో ఎంతమంది తినేవాళ్ళు? మీ పిన్నమ్మలో, అమ్మ ఈడు ఆడపడుచులో ఉంటే ఇట్లా అడగండి, సంవత్సరం అడిగితే చెప్పలేరు గానీ సంగతి అడిగితే టక్కున చెప్తారు. కాగితాల్లో అయితే పాత రేషన్ కార్డు, ఓటర్ లిస్టు, మీ నాయన ఆర్టీసీ కాగితాలు, డ్వాక్రా సంఘంలో ఉండుంటే ఆ పాస్‌బుక్కు. అవన్నీ చూసినా తేలకపోతే సుమారు అని రాయండి, తప్పు తేదీ కంటే అదే మేలు.

మొదటి పేజీలో ఆమె పూర్తి పేరు పెట్టండి, దాని పక్కనే పుట్టింటి ఇంటిపేరు, ఆమె అమ్మ పేరు, నాయన పేరు, పుట్టిన ఊరు. తద్దినాల్లో అయ్యవారు మూడు తరాల పేర్లు అడుగుతారు, అమ్మ పేరు చెప్తాం, నాయనమ్మ పేరు చెప్తాం, ఆ పైన అవ్వ పేరు దగ్గరికొచ్చేసరికి నీళ్ళు నములుతాం. ఫలానా వాళ్ళ పెండ్లాం, ఫలానా వాళ్ళమ్మ అనే బతికిపోయిన ఆడోళ్ళు వాళ్ళు. అన్నమయ్య జీవితం గురించి మనకి ఈపాటి తెల్సిందంటే ఆయన మనవడు తాళ్ళపాక చిన్నన్న ద్విపదలో రాసిపెట్టబట్టే. అదే ఇంట్లో అన్నమయ్య భార్య తిమ్మక్క, తొలి తెలుగు కవయిత్రి అని చెప్పుకుంటాం, ఆమె సంగతులు అంత వివరంగా రాసిపెట్టిన మనవళ్ళెవరూ లేరు. ఐదు వందల ఏళ్ళ తర్వాత మన ఇండ్లల్లో కూడా తాతల మీద పుస్తకాలొస్తున్నాయి, అవ్వల మీద తక్కువ. మీరు వేస్తున్నారు, సంతోషం.

ఆస్పత్రి రోజులు అర పేజీ దాటనివ్వకండి. ఇట్లాంటి పుస్తకాలు నేను చాలా చదివా, ఐసీయూలో ఉన్న పది రోజులకి పది పేజీలు, అంతకుముందు యాభై ఏళ్ళకి రెండు పేజీలు ఉంటాయి. కళ్ళ ముందు కొత్తగా ఉన్నది అదే కాబట్టి అట్లా అవుతుంది, తెల్సు. రాసి ఇంట్లో పెట్టుకోండి, పుస్తకంలో వద్దు.

అచ్చు సంగతి ఒక్క మాట. ముప్పై కాదు, ముప్పై రెండు పేజీలు పెట్టుకోండి, ప్రెస్సులో పదహారు పేజీలు ఒక ఫారం. మీరు ఫోన్లో టైపు చేసేది యూనికోడ్, మన డీటీపీ షాపుల్లో చాలాచోట్ల ఇంకా అను ఫాంట్లే వాడతారు, అందులోకి మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి, పేర్లు మారిపోతాయి. ప్రూఫు మీరు ముగ్గురూ చూడండి, ఇంకోసారి బయటివాళ్ళతో కూడా చూపించండి. ఫోటోలు వాట్సాప్‌లో ఫోటోలుగా పంపితే క్వాలిటీ పడిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి లేకపోతే పెన్ డ్రైవ్‌లో ఇవ్వండి. ఇంకోటి, స్టూడియోలో నగలు దిద్ది వెనకాల మబ్బులు పెట్టిన ఫోటో అట్ట మీద వేస్తే వేసుకోండి, లోపల మాత్రం ఆమె పని చేస్తున్న ఫోటో ఒక్కటైనా ఉండాలి. పెండ్లి ఆల్బమ్‌లలో వెతకండి, ఎవరిదో పెండ్లిలో వెనకాల గంటె పట్టుకుని నిలబడి దొరుకుతుంది.

ప్రశ్న: నమస్కారం అమ్మా. నేను బెంగళూరులో జాబ్ చేస్తా, మా ఊరు చిత్తూరు పక్కన. మా అవ్వకి ఎనభై దాటినాయి, జ్ఞాపకం బాగుండాది. ఆమె జీవితం అంతా వీడియో తీసి పెట్టుకుందామని పోయిన పండక్కి ఫోన్ స్టాండ్ పెట్టి కూర్చోబెడితే, నాదేముందిరా అబ్బోడా చెప్పేదానికి, పుట్నాము పెరిగినాము అంటాది, కొంగు కప్పుకుని బిగుసుకుపోతాది. ఆమె మాటలో సగం అరవం కూడా కలుస్తాది. ఎట్లా చెయ్యాలి?
— ఒక పాఠకుడు, చిత్తూరు జిల్లా

జవాబు: నాయనా, ఫస్టు ఆ స్టాండు అటక మీద పెట్టు. కెమెరా ముందు కూర్చోబెట్టి నీ జీవితం చెప్పు అంటే కలెక్టరైనా బిగుసుకుపోతాడు. వీడియో వద్దు, ఆడియో చాలు, కానీ దొంగతనంగా కాదు, రికార్డు చేస్తున్నా అవ్వా అని చెప్పి ఫోన్ బోర్లా పెట్టు, ఐదు నిమిషాల్లో మర్చిపోతుంది.

చేతికి పనివ్వు. ఒక చాట నిండా చెనక్కాయలు పోసి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని వొలవండి. ఆ తరం ఆడోళ్ళు చేతులు ఖాళీగా ఉంటే మాట్లాడలేరు, పని లేకుండా కూర్చోవడం వాళ్ళకి అలవాటు లేదు. ఊరిబిండి (చెనక్కాయల పచ్చడి) నువ్వు నూరు, ఆమెని చెప్పమను. నువ్వు తప్పు చేస్తావు కదా, తిడుతుంది, తిట్టేటప్పుడు వాళ్ళత్త గుర్తొస్తుంది, అత్త ఎట్లా తిట్టేదో చెప్తుంది, అక్కణ్ణించి నువ్వు అడగాల్సిన పని లేదు. ఆమె చెల్లెలో ఈడుజోడు మనిషో ఉంటే పక్కన కూర్చోబెట్టు, ఒకరు ఒకటంటే ఇంకొకరు కాదంటారు, అసలు సంగతులు ఆ గొడవలోనే బయటికొస్తాయి.

అడిగేవి చిన్నవి అడుగు. మొదటిసారి కూలి ఎంతిచ్చారు, అది ఎవరికిచ్చింది? మొదటిసారి బస్సెక్కి ఎక్కడికెళ్ళింది? కాన్పులు ఇంట్లో అయ్యాయా, మంత్రసాని ఎవరు, పోయిన బిడ్డలెవరైనా ఉన్నారా (ఇది మాత్రం ఆమె మొదలుపెడితేనే)? మీకు తోట ఉంటే ఆ తోతాపురి మామిడి చెట్ల కంటే ముందు ఆ నేలలో ఏముండేది, చెరుకా చెనక్కాయా, గానుగ పెట్టి బెల్లం వండేవాళ్ళా, వండే రోజుల్లో రాత్రిళ్ళు ఎవరు కాపలా? బావిలో నీళ్ళు ఎంత లోతున ఉండేవి? తేదీలు తప్పు చెప్తే దిద్దకు, గూగుల్లో చూసి అది అప్పుడు కాదవ్వా అన్నావంటే ఇంక నోరు విప్పదు.

అరవం కలిస్తే కలవనీ. నగరి, పుత్తూరు, చిత్తూరు వైపు మాటే అంత, రాసేటప్పుడు దాన్ని శుద్ధ తెలుగు చెయ్యబోకు. పాటలొస్తే గొబ్బిపాటలు, పెండ్లిపాటలు, నాట్లపాటలు పూర్తిగా పాడించు, మధ్యలో మర్చిపోతే ఆగు, రెండో రోజు పొద్దున గుర్తొచ్చి ఆమే పిలుస్తుంది. ఫ్యాను, టీవీ ఆపు, మిక్సీ వేసే టైములో వద్దు. ఫైలుకి తేదీ, ఊరు, మాట్లాడినవాళ్ళ పేర్లు పెట్టి రెండుచోట్ల దాచు, ఒకటి నీ దగ్గర, ఒకటి ఇంకొకరి దగ్గర. ఒక్కోసారి ఇది మీ నాయనకి చెప్పబాకు అంటుంది. అప్పుడు ఆపెయ్యి, ఆ ముక్క తీసేస్తానని చెప్పి నిజంగానే తీసెయ్యి.

ప్రశ్న: మేడం గారూ, మా అమ్మ పోయి రెండు నెలలైంది. ఆమె ఫోన్ స్విచాఫ్ చేసి దేవుడి గదిలో పెట్టినాం. నా ఫోన్లో ఆమె వాయిస్ మెసేజీలు ఉండాయి, మందులు తెచ్చినావా, తిన్నావా అని. ఆ నంబర్ ఏం చెయ్యాలి, అట్లే ఉంచితే ఏమన్నా ఇబ్బందా?
— ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: అట్లే ఉంచితే ఇబ్బందే అన్నా, అందుకే దీనికి ఈ నెలే రాస్తున్నా. 90 రోజులు ఏ వాడకమూ లేకుండా ఉంటే కంపెనీ ఆ సిమ్ ఆపెయ్యొచ్చు, తర్వాత ఆ నంబర్ ఇంకొకరికి పోతుంది, ఒకరోజు మీరు అమ్మ అని సేవ్ చేసుకున్న నంబర్లో ఎవరో కొత్తాయన ఫోటో కనిపిస్తుంది. వాట్సాప్ అయితే 120 రోజులు వాడకపోతే అకౌంట్ తీసేస్తుంది. కాబట్టి ఈ వారంలోనే ఆ ఫోన్ ఛార్జింగు పెట్టి ఆన్ చెయ్యండి. ఫోటోలు, వాయిస్ మెసేజీలు, కాంటాక్టులు మొత్తం కంప్యూటర్లోకో మెయిల్‌కో పంపుకోండి. మీ ఫోన్లో ఉన్న మెసేజీలు కూడా అంతే, ఫోన్ పాడైతే అవీ పోతాయి. కాల్ లిస్టు చూడండి, ఆమె రోజూ ఎవరితో మాట్లాడేదో అందులో తెలుస్తుంది, వాళ్ళల్లో కొందరికి ఇంకా కబురు అంది ఉండదు, మీరే చేసి చెప్పండి.

ఆ నంబర్ బ్యాంకుకో పెన్షన్‌కో లింకై ఉంటే ముందు అది చూడండి. మరణం రిజిస్టర్ చేయించడానికి 21 రోజులు గడువు, చేయించారనే అనుకుంటున్నా, లేదంటే ఆలస్య రుసుము కట్టి పర్మిషన్‌తో చేయించుకోవచ్చు, ఏడాది దాటితే ఇంకా తిరగాలి. ఆ సర్టిఫికెట్ కాపీ బ్యాంకులో ఇచ్చి నామినీ ఎవరో కనుక్కుని క్లెయిమ్ పెట్టండి, పెన్షన్ ఆపమని చెప్పండి. ఆమె ఏటీఎం కార్డుతో డబ్బులు తియ్యొద్దు, పిన్ తెల్సినా సరే, తర్వాత తిరిగి కట్టమంటారు. నంబర్ ఉంచుకోవాలనే ఉంటే సిమ్ ఎవరి పేరు మీద ఉందో చూడండి. మీ పేరు మీదే తీసిచ్చి ఉంటే రీఛార్జి చేసుకుంటూ పోవచ్చు, ఆమె పేరు మీద ఉంటే సర్టిఫికెట్, మీ ఆధార్ పట్టుకుని వాళ్ళ స్టోర్‌కి వెళ్ళి పేరు మార్పించుకోండి.